పిడికెడు గజ్జెలు

ఆషాఢం వచ్చిందంటే హైదరాబాద్ పాతబస్తీ శాలిబండలో గజ్జెలు పోసే ప్రతి ఇంటి నుంచీ పిడికెడు గజ్జెలు సక్కుబాయి గడపకు రావాలి. ఆ ఆచారం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఎవరి భట్టీలో ఇత్తడి కరిగించి పోసిన గజ్జెలు వాళ్లు పసుపు గుడ్డలో మూట కట్టి తెస్తారు. సక్కుబాయి వాటన్నిటినీ ఒక వెడల్పాటి తోలు పట్టీకి వరసగా కుడుతుంది. బోనాల నాడు ఆ పట్టీ గల్లీ ఎల్లమ్మ గుడి ముందు ఆడే పోతరాజు నడుముకు ఎక్కుతుంది. ఒకప్పుడు ఆమె అత్త కుట్టేది, అత్త పోయాక ఆమె కుడుతోంది. ఏ ఇంటి భట్టీ ఎలా ఉందో అమ్మవారికి ఆ పట్టీయే చెబుతుందని వెనకటివాళ్లు అనుకునేవారు. ఏ ఇంటి గజ్జె అయినా సరిగ్గా మోగకపోతే ఆ ఇంటివాళ్లు ఏడాదంతా తలవంచుకుని తిరిగేవారట.

ఇప్పుడు తలవంచుకునే తలలు లేవు గానీ, మూటలు మాత్రం వస్తున్నాయి. ఆ రోజు పొద్దున సక్కుబాయి వాకిట్లో పీట వేసుకుని, తోలు పట్టీ ఒళ్లో పరుచుకుని, అన్నిటికంటే ముందు ప్రేమ్‌రాజ్ ఇంటి మూట విప్పింది. ప్రేమ్‌రాజ్ ఆమె మొగుడు సాయిలుకు చిన్నమ్మ కొడుకు. గజ్జెలు పోసే కారిగర్ల సంఘానికి అధ్యక్షుడు కూడా. అధ్యక్షుడి మూట ముందు విప్పడం మర్యాద. విప్పి గజ్జెల్ని అరచేతిలో పోసుకుంది. పోసుకున్నాక ఆమె చెయ్యి కిందికి దిగలేదు. పిడికెడు ఇత్తడి చేతిలో పడితే మణికట్టు ఒక్కసారి కిందికి పోతుంది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ బరువు ఎరిగిన చెయ్యి అది. ఇవి వేయించిన అప్పడాల్లా తేలిగ్గా ఉన్నాయి.

ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. పోత గజ్జెను ఎంత తోమినా మట్టీ మైనమూ కాలిన వాసన కొంచెం మిగిలే ఉంటుంది. వీటికి మిషను నూనె వాసన కొడుతోంది.

"ఏమయ్యా, గా చుంబక్ ఇటు పట్టుకరా," అని లోపల ఉన్న సాయిలును కేకేసింది.

తుక్కు కొన్నప్పుడు ఇత్తడిలో కలిసిపోయిన ఇనుప ముక్కల్ని ఏరడానికి, పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం ఒకటి వాళ్ల ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. ఇత్తడి దానికి అంటదు. అసలు గజ్జెను దాని దగ్గరికి తెస్తే లోపలున్న ఇనుప గుండు టిక్కుమని ఒక పక్కకు జరుగుతుందే తప్ప గజ్జె కదలదు. సాయిలు దగ్గుకుంటూ వచ్చి అయస్కాంతం అందించాడు. సక్కుబాయి దాన్ని అరచేతి మీదికి తెచ్చిందో లేదో, అధ్యక్షుడి ఇంటి గజ్జెలు పిడికెడుకు పిడికెడూ ఎగిరి అతుక్కున్నాయి. అన్నీ రేకు గజ్జెలే. ఇనుప రేకును మిషనులో గుండ్రంగా వంచి, పైన ఇత్తడి పూత పూసిన పరదేశపు సరుకు.

ఏడాదిగా సంఘమంతా గొంతు చించుకుని కొట్లాడుతున్నది ఆ సరుకు మీదే.

"వీని బుద్ధి ఎప్పుడు గంతే," అన్నాడు సాయిలు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

సక్కుబాయి రెండో మూట విప్పింది, అదీ అతుక్కుంది. మూడోదీ అంతే. ఇక మర్యాదలూ వరసలూ మరిచిపోయి మూటలన్నీ బరబరా విప్పి నేల మీద కుప్ప పోసి, అయస్కాంతాన్ని వాటి మీద ఒకసారి తిప్పింది. కుప్ప కుప్పంతా లేచింది. నేల మీద మిగిలినవి ఆమె ఇంటి పిడికెడు గజ్జెలే.

"అమ్మోరికి గూడ రేకేనా?" అంది.

కోపం తర్వాత వచ్చింది. ముందు అన్నంలో చచ్చిన బల్లిని చూసినట్టయింది. లేచి నల్లా దగ్గరికి వెళ్లి సబ్బు పెట్టి మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. నూనె వాసన పోలేదు, మళ్లీ కడుక్కుంది.

ఈ రేకు గజ్జెలు బజారులోకి దిగి కొన్నేళ్లయింది. అవి తయారయ్యే దేశంలో ఒక ధర ఉంటే, ఇక్కడికి తెచ్చి అంతకన్నా తక్కువకు పోస్తున్నారు. డ్యాన్సు స్కూళ్లు, బళ్లలో యానివర్సరీలు చేసేవాళ్లు, పశువుల మెడపట్టీలు అమ్మేవాళ్లు, పెళ్లి బ్యాండువాళ్లు, అందరూ వాటికే మరిగారు. శాలిబండలో భట్టీలు ఒక్కొక్కటీ చల్లారాయి. ప్రేమ్‌రాజ్ సంఘం ఆఫీసు ముందు మైకు పెట్టించి, పరదేశపు రేకు మన పొట్ట కొడుతోందని ఉపన్యాసాలిచ్చాడు. చప్పట్లు కొట్టినవాళ్లలో సక్కుబాయి ముందుంది. తర్వాత సైదాబాద్‌లో ఉండే శ్రవణ్‌కుమార్ అనే కన్సల్టెంట్‌ను పట్టుకుని, ఆ సరుకు మీద యాంటీ డంపింగ్ సుంకం వెయ్యాలని ఢిల్లీకి అర్జీ పెట్టించాడు. సక్కుబాయి కూతురు భాగ్యశ్రీ ఆ శ్రవణ్‌కుమార్ ఆఫీసులోనే పనిచేస్తుంది. ఈ రూళ్ల సంగతంతా ఇంట్లో విడమరిచి చెప్పింది ఆ పిల్లే.

"దేశాలన్ని కలిసి ఒక సంఘం పెట్టుకున్నయమ్మా," అంది ఒకనాడు అన్నం తింటూ. "నూట అరవైకి పైన మెంబర్లు. ఎవడు ఎవనికి ఎట్ల అమ్మాలె, ఎంత సుంకం ఎయ్యొచ్చు, అన్ని రాసుకున్నరు. సొంత దేశంల అమ్మే ధర కన్న తక్కువకు తెచ్చి ఇంకో దేశంల పోస్తే, ఆ దేశం ఎక్కువ సుంకం ఎయ్యొచ్చు. గని ఊకె ఎయ్యరాదు. విచారణ చేసి, మనకు నష్టమైందని తేలాలె."

"భట్టీలు ఆరినయి గదా. ఇంకేం తేలాలె?"

"దేశం మొత్తంల తయారయ్యే గజ్జెల మాల్‌ల కనీసం పావు వంతు చేసెటోళ్లు అర్జీ ఎనక నిలబడాలె. మన శాలిబండోళ్లందరిది కలిపితే కాగితం మీద పావుకు కొంచెం ఎక్కువనే ఉన్నది. ఇంకోటి ఉన్నది. ఏ మాల్ మీద లొల్లి పెడుతున్నరో ఆ మాల్‌నే అర్జీదారు బయటి దేశంకెళ్లి తెప్పిస్తుంటే, వాన్ని ఆ పావు వంతు లెక్కకెళ్లి తీసెయ్యొచ్చు."

సక్కుబాయి అప్పుడు నవ్వింది. "తన పొట్ట తనే కొట్టుకునెటోడు ఎవడుంటడే?"

"ఏమో. ఉంటరనే గదా రూల్ రాసిండ్రు."

"మరి గా దేశాలల్ల ఎవడన్న రూల్ తప్పితే? వాన్ని అడిగెటోడు ఎవడు?"

"పంచాయితి చేసెటోళ్లుంటరు. వాళ్ల తీర్పు నచ్చకపోతే పైన అప్పీలు. గని ఆ పై పంచాయితిల కుర్చీలన్ని ఖాళీ. కొత్తోళ్లను పెట్టాలంటే మెంబర్లందరు ఒప్పుకోవాలె. ఒక పెద్ద దేశం ఒప్పుకుంటలేదు. ఏండ్ల సంది గంతే. ఓడినోడు అప్పీలు ఏస్తే అది ఆ ఖాళీ కుర్చీల ముంగట పడి ఉంటది."

"అచ్చం మన సంఘమే," అంది సక్కుబాయి. ఆ మాట సరదాకే అంది.

చేతులు కడుక్కుని వాకిట్లో నిలబడితే ఇప్పుడా మాట గుర్తొచ్చింది. సంఘంలో కూడా ఇళ్ల మధ్య తగవు తీర్చడానికి ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఆయన చనిపోయాక ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టాలంటే అన్ని ఇళ్లూ ఒప్పుకోవాలి. ఎవరి పేరు వచ్చినా ప్రేమ్‌రాజ్ "చూద్దాం తియ్యండ్రి" అంటాడు. చూడటం మాత్రం జరగదు. సంఘం ఆఫీసులో ఆ కుర్చీ మీద పాత ఫ్లెక్సీలు మడిచి పెట్టారు. అమ్మవారికి రేకు పెట్టారని సక్కుబాయి ఎవరికి చెప్పుకోవాలి? ఫ్లెక్సీలకా?

పోనీ, ఇంటింటికీ వెళ్లి మొహాన అడుగుదామా అంటే, ఆ వారంలోనే ఢిల్లీ ఆఫీసర్లు భట్టీలు చూడటానికి వస్తున్నారు. లొల్లి బయటపడితే అర్జీ అక్కడే చచ్చిపోతుంది. అర్జీ చస్తే తన భట్టీ కూడా పోతుంది. గల్లీ మొత్తంలో రోజూ నిప్పు ఉన్న భట్టీ అదొక్కటే; తక్కినవాళ్లు అమ్మవారి కోసమైనా ఒక పూట ముట్టిస్తారనే ఇన్నాళ్లూ అనుకుంది. తన భట్టీని బతికించుకోవడానికి ఆమె మెడలోని పుస్తెల గొలుసు తాకట్టు పెట్టి పసుపుతాడు వేసుకుంది. ఈ సంగతి సాయిలుకు తప్ప ఎవరికీ తెలియదు.

అయినా ఆగలేకపోయింది. ప్రేమ్‌రాజ్ మూటను మళ్లీ కట్టి కొంగున ముడేసుకుని బయలుదేరింది. ప్రేమ్‌రాజ్ ఇంట్లో అడిగితే, ఆయన జల్‌పల్లి పోయిండని ఆయన భార్య చెప్పింది. ఊరి శివార్లలోని ఆ చోట ప్లాటు కొన్నాడని అందరికీ తెలుసు. షేర్ ఆటో ఎక్కి దిగి, అడుగుతూ అడుగుతూ వెళ్లేసరికి, కొత్త కాలనీ చివర ఒక రేకుల షెడ్డు ముందు ప్రేమ్‌రాజ్ బండి కనిపించింది.

షెడ్డు తలుపు తీసే ఉంది. లోపల కప్పు దాకా సంచులు. సంచుల మీద ఆమె చదవలేని అక్షరాలు. ఒక మూల నలుగురు ఆడవాళ్లు కింద కూర్చుని, సంచుల్లోంచి గజ్జెలు తీసి డబ్బాల్లో సర్దుతున్నారు. ఒక డబ్బా చేతిలోకి తీసుకుంది. దాని మీద చార్మినార్ బొమ్మ, కింద తెలుగులో పెద్ద అక్షరాలతో 'హైదరాబాద్ అసలు పోత గజ్జెలు' అని ఉంది. ఇంకా కింద, నిప్పుల ముందు గొంతుక్కూర్చుని ఇత్తడి కరిగించే మూస వంచుతున్న కారిగర్ బొమ్మ. తలకు కట్టిన గుడ్డ, ముందుకు వంగిన ఆ భుజం చూడగానే గుర్తుపట్టింది. అది సాయిలు ఫొటో. సంఘం అర్జీకి కావాలని ప్రేమ్‌రాజే వచ్చి తీయించుకుని పోయాడు.

"వదినె, నువ్వేంది ఇక్కడ? ఫోన్ చేస్తే నేనే వస్తుంటి గదా," అంటూ ప్రేమ్‌రాజ్ సంచుల వెనక నుంచి వచ్చాడు. మొహంలో తడబాటేమీ లేదు. కుర్చీ దులిపి వేశాడు.

ఆమె కూర్చోలేదు. కొంగు ముడి విప్పి మూట ఆయన కాళ్ల ముందు పడేసింది. "నీ ఇంటి పిడికెడు."

ఆయన వంగి మూట తీసి, మట్టి దులిపి, కళ్లకద్దుకుని పక్కన పెట్టాడు. ఆ కళ్లకద్దుకోవడం చూస్తే ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"గుడికి గదా వదినె. మోగితే చాలు."

"తక్కిన ఇండ్లోళ్లకు ఎవరిచ్చిండ్రు?"

"నేనే ఇచ్చిన. భట్టీ ముట్టించనోళ్లు యాడికెళ్లి తెస్తరు? వాళ్లంత నా తాననే మాల్ తీసుకొని అమ్ముకుంటున్నరు. బతకాలె గదా."

"మరి అర్జీ ఎందుకు పెట్టినవ్? పరదేశపు రేకు పొట్టగొడుతున్నదని మైకుల ఎందుకు ఒర్లినవ్?"

ప్రేమ్‌రాజ్ నవ్వాడు. పిల్లలకు ఎక్కం చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. "సుంకం పడ్డదనుకో. బయటికెళ్లి వచ్చే మాల్ ధర లేస్తది. లేస్తదా లేదా? మరి ముందే దిగి ఇక్కడ కూసున్న మాల్‌కు ఎంత ధర వస్తది?" అని పక్కనున్న సంచిని అరచేత్తో తట్టాడు. "ఇదంత సుంకం పడకముందటి మాల్."

ఆమెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఆ షెడ్డులో గాలి పీల్చడం కూడా అసహ్యమనిపించింది. తన భట్టీ ఆరిపోతుంటే మైకు పట్టుకుని ఏడ్చిన మనిషి, ఆ ఏడుపుతోనే గోదాము నింపుకున్నాడు. ఏడవడానికి మొహం కావలసి వచ్చి సాయిలు ఫొటో తీసుకున్నాడు. అమ్మడానికి కూడా ఆ ఫొటోనే వాడుకుంటున్నాడు.

"నీకు సిగ్గనిపిస్తలేదా?"

"సిగ్గెందుకు? దేశాలే గట్ల చేస్తున్నయ్ వదినె. శ్రవణ్‌కుమార్ సార్ చెప్పిండు. రూల్ రాసెటప్పుడే ఎవని సందు వాడు తప్పించుకోనీకి పెట్టుకుంటడు. అంత పెద్ద పెద్దోళ్లకు లేనిది మనకేంది?" కొంచెం ఆగి గొంతు తగ్గించాడు. "ఇంకో మాట. సుంకం పడితే నీకు గూడ లాభమే. నీ భట్టీ మండుతది. ఆఫీసర్ల ముంగట నోరు జారినవనుకో, నాకేం పోదు, ఈ మాల్ జర తక్కువకు అమ్ముకుంట. ఆరిపోయేది నీదే."

బెదిరింపులా అనలేదు. ఇంటి మనిషి మంచి చెప్పినట్టే చెప్పాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకకపోవడమే ఆమెకు ఇంకా రోతగా ఉంది.

ఇంటికి వచ్చి భాగ్యశ్రీకి అంతా చెప్పింది.

"మీ సార్‌కు తెలుసానే?"

"తెలిసే ఉంటది. సార్ అడగడు, వీళ్లు చెప్పరు," అంది భాగ్యశ్రీ. "గని ఆఫీసర్ మాత్రం అడుగుతడమ్మా. మీరు ఈ మాల్ బయటికెళ్లి తెప్పిస్తరా అని. నువ్వు నిజం చెప్తే వీళ్లందరిని లెక్కకెళ్లి తీసేస్తరు. నువ్వొక్కదానివి మిగులుతవ్. పావు వంతు యాడుంటది? కేసు పోతది."

"పోనీ. నేను చెప్త," అంది సక్కుబాయి. ఆ మాట అన్నాక ఆమెకు ప్రాణం కాస్త తేలికపడింది. ఆ రాత్రి అన్నం సహించింది కూడా.

పట్టీ కుట్టడం మాత్రం ఆపలేదు. రేకు గజ్జెలన్నీ ఏ ఇంటివి ఆ ఇంటి వరసలోనే కుట్టింది. ఆఫీసర్ల ముందు ఆ పట్టీ పెట్టాలని, తరతరాల ఆచారమని చూపించాలని ప్రేమ్‌రాజే చెప్పి పంపాడు. పెట్టమన్నాడు కదా, పెడదాం అనుకుంది. పట్టీ పక్కనే అయస్కాంతం కూడా పెడుతుంది. చెప్పడానికి నోరు రాకపోయినా అదే చెబుతుంది.

ఆఫీసర్లు వచ్చారు. గల్లీ మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. శాలువాలు తెచ్చారు. తక్కిన ఇళ్లకు తాళాలు వేసి, అందరూ సక్కుబాయి ఇంటి ముందే చేరి కారిగర్లలా తలలకు గుడ్డలు కట్టుకున్నారు. కొందరు చేతులకు బొగ్గుమసి కూడా పూసుకున్నారు. ఆమె చూసింది. ఏళ్ల తరబడి భట్టీ ముఖం చూడని మనుషులు ఆఫీసరు కోసం మసి పూసుకోవడం చూసి, దారిలోనే ఉమ్మేయాలనిపించింది. శ్రవణ్‌కుమార్ వెనకాల భాగ్యశ్రీ ఫైలు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

పెద్ద ఆఫీసరు ఢిల్లీ మనిషి. నెమ్మదైనవాడిలా కనిపించాడు. బూట్లు విప్పి లోపలికి వచ్చాడు. సాయిలు ఆ రోజు మూస నిండుగా ఇత్తడి వేశాడు. ఎన్నాళ్లుగానో సగం మూసకు కూడా ఆర్డర్లు లేవు. ఇత్తడి కరిగి మూతి దగ్గర పచ్చగా మంట లేచింది. సాయిలు పట్టకారుతో మూస ఎత్తి అచ్చుల్లోకి వంచాడు. చుక్క కింద పడలేదు. అచ్చు చల్లారాక మట్టి పగలగొడితే గుత్తి గుత్తి గజ్జెలు నల్లగా బయటపడ్డాయి. ఒకదాన్ని ఆకురాయితో రాసి ఆఫీసరు చేతిలో పెట్టాడు. ఆఫీసరు చెవి దగ్గర ఊపుకుని చిన్నపిల్లాడిలా నవ్వాడు.

తర్వాత పట్టీ, దాని పక్కనే అయస్కాంతం పెట్టిన బల్ల దగ్గరికి వచ్చాడు. పట్టీని చూశాడు. ప్రేమ్‌రాజ్ చేతులు కట్టుకుని ఆచారం గురించి చెప్పాడు. ఆఫీసరు తల ఊపి, సక్కుబాయి వైపు తిరిగి అడిగాడు, "ఆప్ లోగోఁమే సే కోయీ బాహర్ కా మాల్ మంగాతా హై క్యా?"

మీలో ఎవరైనా బయటి సరుకు తెప్పిస్తారా అని. సక్కుబాయి ఆ ప్రశ్న కోసమే మూడు రోజులుగా కాచుకుని ఉంది. నోరు తెరిచింది. అదే క్షణంలో ఆఫీసరు చెయ్యి బల్ల మీది అయస్కాంతం మీద పడింది. "యే క్యా హై?" అంటూ దాన్ని ఎత్తాడు. ఇంకో జానెడు జరిగితే పట్టీ.

వెనక భట్టీ దగ్గర గరగరమని చప్పుడైంది. సక్కుబాయి తల తిప్పి చూసింది. సాయిలు, ఎవరూ చెప్పకుండానే, రెండో మూస ఎక్కిస్తున్నాడు. దగ్గు లేదు. మొహాన చెమట. ఆ మొహంలో పెళ్లయిన కొత్తలో ఆమె చూసిన ఉత్సాహం ఉంది. సుంకం పడినట్టే, ఆర్డర్లు వచ్చినట్టే పని చేసుకుపోతున్నాడు.

ఆమె చెయ్యి ఆమెను అడగలేదు. ముందుకు వెళ్లి ఆఫీసరు చేతిలోని అయస్కాంతాన్ని మెల్లగా తీసుకుంది.

"తుక్కు చున్నే కా హై సాబ్," అంది. దాన్ని తుక్కు బుట్టలోకి విసిరేసి, చేతులు కొంగుకు తుడుచుకుంది. "కోయీ నై మంగాతే సాబ్. సబ్ యహీంచ్ బనాతే." ఎవరూ తెప్పించరని, అందరూ ఇక్కడే చేస్తారని చెప్పేసింది.

ఆఫీసరు పట్టీ ఎత్తి ఒకసారి గలగలలాడించి, బాగుందన్నాడు. ప్రేమ్‌రాజ్ ఆయన వెనక నుంచి సక్కుబాయికి రెండు చేతులూ జోడించాడు. ఆ దండం ఆమెకు చెంపదెబ్బ కన్నా ఎక్కువగా తగిలింది. గుమ్మం దగ్గర భాగ్యశ్రీ నేల చూపులు చూస్తోంది.

బోనాలు వచ్చాయి. ఒళ్లంతా పసుపు పూసుకుని, నడుముకు ఆ పట్టీ కట్టుకుని నగేష్ పోతరాజుగా ఆడాడు. నగేష్ ఆ గల్లీలోనే పుట్టి పెరిగినవాడు, షేర్ ఆటో నడుపుతాడు. ఆషాఢంలో మాత్రం కల్లు ముట్టకుండా నిష్ఠగా ఉంటాడు. సక్కుబాయి ఇంటి ముందు రెట్టింపు ఆడాడు. ఆమె పసుపునీళ్లతో సాక పోసింది. చెవులు రిక్కించి విన్నా ఆ రేకు మోతలో తన పిడికెడు మోత ఏదో పట్టుకోలేకపోయింది. ఆట అయ్యాక పట్టీని గుడిలో దూలానికి వేలాడదీశారు.

సుంకం ఉగాదికి ముందే పడింది. ప్రేమ్‌రాజ్‌కు సంఘం పూలదండ వేసింది. జల్‌పల్లి గోదాము ఖాళీ అయింది, ఆయన ఇంటికి మేడ లేచింది. సక్కుబాయి భట్టీకి కూడా కొన్ని వారాలు ఊపిరి వచ్చింది. సాయిలు పూటకు రెండు మూసలు వంచాడు. ఆ తర్వాత బజారులోకి మళ్లీ రేకు గజ్జెలు దిగాయి, మునుపటికన్నా తక్కువ ధరకు. అదే నూనె వాసన, అదే రేకు. సంచుల మీద మాత్రం ఇంకో దేశం పేరు.

"సుంకం ఆ దేశం మీద పడ్డది గదమ్మా. ఇది వేరే మెంబరు," అంది భాగ్యశ్రీ. "అదే మాల్ ఆ రెండో దేశంల పేరు మార్చుకొని వస్తున్నది. దీని మీద మళ్ల అర్జీ పెట్టాలె. మళ్ల పావు వంతు చూపియ్యాలె."

"ఎవరు తెప్పిస్తున్నరు?"

భాగ్యశ్రీ కిటికీలోంచి ప్రేమ్‌రాజ్ కొత్త మేడ వైపు చూసింది.

సాయిలు ఒకరోజు భట్టీలో బూడిద ఎత్తి, చుట్టూ ఊడ్చి, మూసల్ని బోర్లించి వచ్చాడు. అప్పటి నుంచి ఆయన దగ్గు ఇల్లంతా వినిపిస్తోంది.

మళ్లీ ఆషాఢం వచ్చింది. తోలు బాగానే ఉంది కదా, పాత గజ్జెలు తీసేసి కొత్తవి కుడితే చాలని నగేష్ గుడిలోంచి పట్టీ దింపుకొచ్చాడు. సక్కుబాయి వాకిట్లో అప్పటికే ప్రేమ్‌రాజ్, ఇంకా నాలుగైదు ఇళ్లవాళ్లు మూటలతో వచ్చి కూర్చున్నారు. నగేష్ పట్టీని అందరి ముందూ పరిచాడు.

పసుపునీళ్లూ చెమటా పడి ఏడాదిపాటు దూలానికి వేలాడిన గజ్జెలు తుప్పు పట్టి ఎర్రగా ఉన్నాయి. ముట్టుకుంటే పొరలు పొరలుగా రాలుతున్నాయి. కొన్నిటికి కింద చిల్లులు పడ్డాయి. ఒక్క చివర మాత్రం పిడికెడు గజ్జెలు కొంచెం మబ్బు పట్టి ఉన్నాయి గానీ తుప్పు లేదు. నగేష్ వాటిని బొటనవేలితో రుద్దితే పచ్చగా మెరిశాయి.

అందరూ చూశారు. ప్రేమ్‌రాజ్ చూశాడు. ఒకాయన గొంతు సవరించుకుని వానల సంగతి ఎత్తాడు.

"ఇవి ఎవరియి పెద్దమ్మా?" అన్నాడు నగేష్.

"నాయే బిడ్డా."

"మరి తక్కినయి?"

నగేష్ ఒకరి తర్వాత ఒకరి మొహాలు చూశాడు. ఆ మొహాల్లో ఏమీ దొరక్క మళ్లీ ఆమె దగ్గరికే వచ్చాడు. వాడి మాటలో కోపం లేదు.

"మస్తు నిష్ఠతోని ఆడిన పెద్దమ్మా పోయినేడు. ఉపాసమున్న. గీ తుప్పు కట్టుకొని ఆడిన్నా?" అని ఆగాడు. "వాళ్ల సంగతి ఇడిసిపెట్టు. నువ్వు గదా కుట్టినవ్. నీ చేతికి తెల్వలేదా?"

సక్కుబాయి తన చేతుల వంక చూసుకుంది. ప్రేమ్‌రాజ్ కూడా ఆ చేతుల వంకే చూస్తున్నాడు.

"తెల్వలేదు బిడ్డా," అంది.

నగేష్ చేతికంటిన తుప్పు గోడకు రాసి, ఆటో టైమైందని వెళ్లిపోయాడు. ప్రేమ్‌రాజ్ లేచి తన పసుపు గుడ్డ మూట ఆమె ఒళ్లో పెట్టాడు. సక్కుబాయి దాన్ని విప్పి గజ్జెల్ని అరచేతిలో పోసుకుంది. చెయ్యి కిందికి దిగలేదు. సూది అందుకుని దారం ఎక్కించింది.